ఇంటి వెనక పైన్ అడవిలోకి చొరబడ్డ మొక్కలు: ఏది తీయాలి, ఎలా తీయాలి, ఏది నాటకూడదు

అమెరికాలోని ఫ్లోరిడాలో, మయామీకి దక్షిణాన కొత్తగా ఇల్లు కొన్న సోదరి గారు అడిగిన సంగతి ఇదీ. ఇంటి వెనక కంచె అవతల కౌంటీ (ఇక్కడి జిల్లా ప్రభుత్వం) వారి చిన్న పైన్ అడవి ఉంది. కంచె వెంబడి, తమ స్థలంలోనూ అవతలా, ఎర్ర కాయల గుబురు చెట్లు, మనిషిని మించి పెరిగిన రెల్లులాంటి గడ్డి కమ్ముకున్నాయి. ఒక కాంట్రాక్టరు మెషీన్ పెట్టి ఒక్కరోజులో అంతా చదును చేస్తానన్నాడు. కిందటేడు కౌంటీ వాళ్ళు అడవికి నిప్పు పెడితే ఉబ్బసం ఉన్న అత్తగారు బాగా ఇబ్బంది పడ్డారు. పచ్చటి చెట్లు నరికి మందు కొట్టడం పాపం కాదా అని ఆవిడ బాధ. మామగారేమో ఊరి నుంచి గురివింద, దిరిసెన గింజలు తెప్పించి ఆ కంచె పక్కనే వేద్దామంటున్నారు.

నేను ఈ జిల్లాలో ఇలాంటి అడవి ముక్కల్లో కలుపు తీసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. కాస్త పొడుగ్గానే చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన నాలుగు విషయాలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

ముందు తొందరగా చెప్పాల్సింది: ఆ కాంట్రాక్టరుకి ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి. మీ స్థలంలో కంచె పక్క భాగం కౌంటీ రికార్డుల్లో 'నేచురల్ ఫారెస్ట్ కమ్యూనిటీ'గా నమోదై ఉండొచ్చు. అలా ఉంటే అనుమతి లేకుండా అక్కడి స్థానిక మొక్కల్ని తీయడం చట్టవిరుద్ధం. మయామీ-డేడ్ కౌంటీ పర్యావరణ విభాగానికి ఫోన్ చేసి మీ ఇంటి అడ్రసు చెబితే ఉందో లేదో చెబుతారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అక్కడ ఒక్కసారి యంత్రం తిరిగితే ఆ నేల మళ్ళీ మామూలు కాదు. ఎందుకో కింద చెబుతాను.

మీ వెనక ఉన్నది పార్కు కోసం ఎవరో నాటిన చెట్ల వరస కాదు. ఇక్కడ దాన్ని పైన్ రాక్‌ల్యాండ్ అంటారు. దక్షిణ ఫ్లోరిడా, బహమాస్, దాని పక్కనున్న టర్క్స్ అండ్ కైకోస్, ఈ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇలాంటి అడవి లేదు. మయామీ నుంచి ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలల లోపలి లాంగ్ పైన్ కీ అనే చోటు దాకా ఒక సున్నపురాయి గట్టు ఉంది. సముద్ర మట్టానికి కొన్ని మీటర్ల ఎత్తు మాత్రమే. ఇంత పల్లపు ప్రాంతంలో అదే మెరక కాబట్టి ఊళ్ళు, రోడ్లు, తోటలు అన్నీ దాని మీదే వచ్చాయి. ఒకప్పుడు ఆ గట్టు మీద సుమారు 1,85,000 ఎకరాల పైన్ అడవి ఉండేది. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కు బయట ఇప్పుడు మిగిలింది అందులో 2 శాతం లోపే. అదీ ఒకచోట లేదు. స్కూలు వెనక రెండెకరాలు, జూ పక్కన కొంత, మీ ఇంటి వెనక కొంత. 1990లో ఇక్కడి ఓటర్లు తమ ఆస్తి పన్ను రెండేళ్ళపాటు పెంచుకోవడానికి ఒప్పుకుని, ఆ డబ్బుతో ఇలాంటి ముక్కల్ని కౌంటీ చేత కొనిపించడం మొదలుపెట్టారు. మీ వెనకున్నదీ బహుశా ఆ రకంగా మిగిలిందే.

ఆ అడవిలోకి వెళ్ళి చూస్తే మొదట నిరాశగా ఉంటుంది. సన్నగా, ఎడంఎడంగా పైన్ చెట్లు. కింద మట్టి అనేదే కనపడదు, గరుకు రాయి. ఆ రాతి గుంతల్లో పేరుకున్న పిసరంత మట్టిలో మొక్కలు. సా పాల్మెటో అనే పొట్టి తాటి జాతి, వెండి రంగు ఆకుల చిన్న పామ్, కూంటీ అనే సైకాడ్ (ఈతాకుల్లాంటి ఆకులుండే పొట్టి మొక్క), గడ్డి, పూల మొక్కలు. వంగి చూడాలి. టైనీ పాలిగాల అనే మొక్క పూర్తిగా పెరిగినా కొన్ని అంగుళాలు మించదు, డెల్టాయిడ్ స్పర్జ్ రాయికి అతుక్కుని చాపలా పాకుతుంది. ఇవి రెండూ అమెరికా ప్రభుత్వం అంతరించిపోయే జాతులుగా గుర్తించినవే. పైన్‌ల్యాండ్ క్రోటన్ అని ఒక మామూలు పొద ఉంటుంది, మోకాలెత్తు, సన్నటి ఆకులు, చూస్తే ఎవరూ రెండోసారి తల తిప్పరు. ఫ్లోరిడా లీఫ్‌వింగ్, బార్ట్రమ్స్ స్క్రబ్ హెయిర్‌స్ట్రీక్ అనే రెండు సీతాకోకచిలుకల గొంగళి పురుగులు ఆ ఒక్క పొద ఆకులే తింటాయి. ఆ రెంటినీ 2014లో అంతరించే జాబితాలో చేర్చారు. లీఫ్‌వింగ్ ఇప్పుడు లాంగ్ పైన్ కీలో మాత్రమే మిగిలింది.

ఈ మొక్కలన్నిటికీ కావలసింది ఎండ. నేల దాకా దిగే ఎండ. ఆ ఎండని కాపాడేది మంట. ఇక్కడ వానాకాలం మొదట్లో పిడుగులు ఎక్కువ. వాటివల్ల ఈ గట్టు మీద 3 నుంచి 7 ఏళ్ళకోసారి నేల మీద తక్కువ ఎత్తులో ఒక మంట పాకిపోయేది. రాలిన పైన్ సూదులు (సూదుల్లాంటి దాని ఆకులు), ఎండిన గడ్డి దాని ఇంధనం. పైన్ బెరడు మందం కాబట్టి పెద్ద చెట్టుకి ఏమీ కాదు, సా పాల్మెటో, కూంటీ నేలలోంచి మళ్ళీ చిగురిస్తాయి, పైన్ విత్తనానికి ఖాళీ నేల దొరుకుతుంది. మంట రాకుండా ఇరవై ముప్పై ఏళ్ళు గడిస్తే వెడల్పాటి ఆకుల చెట్లు పెరిగి నీడ కమ్మి, పైన్ అడవి పోయి వేరే అడవి అవుతుంది. అందుకని, మీ అత్తగారికి కష్టమైనా, కౌంటీ వాళ్ళు పెట్టిన నిప్పు అడవిని తగలబెట్టడం కాదు. ఆపేసిన పిడుగు పనిని వాళ్ళు చేతులతో చేస్తున్నారు.

బయటి మొక్కలు ఈ అడవిని చంపేది మంటతో వాటికున్న సంబంధం వల్లే. మీ కంచె దగ్గర ఉన్న రెండూ దానికి రెండు చివరల ఉదాహరణలు.

ఎర్ర కాయల చెట్టు బ్రెజిలియన్ పెప్పర్. 1800లలో అందం కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చారు. ఇప్పుడు ఫ్లోరిడాలో 7,00,000 ఎకరాలకు పైగా ఆక్రమించింది. మన దగ్గర సర్కారు తుమ్మ చెరువు గట్లనీ బీళ్ళనీ ఎలా మింగేసిందో చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. పెప్పర్ కింద ఎంత చీకటి అంటే గడ్డి పోచ మొలవదు. గడ్డి లేకపోతే మంటకి ఇంధనం లేదు. దాని ఆకులు, కొమ్మలు పచ్చిగా ఉండి తేలిగ్గా అంటుకోవు. మంట పెప్పర్ గుబురు అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. చిన్న మొలకల్ని మంట చంపగలదు కానీ కొన్నేళ్ళు పెరిగిన చెట్టు కాలినా మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. అలా ఒక్కో గుబురూ మంట చేరలేని దీవి అవుతుంది, ఏటేటా ఆ దీవి పెద్దదవుతుంది.

పొడుగు గడ్డి బర్మా రీడ్. ఇది మన వైపుదే. హిమాలయ పాదాలు, బర్మా, ఆగ్నేయాసియా దాని సొంతూరు. 1915 ప్రాంతంలో అమెరికా వ్యవసాయ శాఖే ప్రయోగం కోసం మయామీలో నాటింది. పది అడుగులు దాటి పెరుగుతుంది, ఏడాదికి రెండుసార్లు పూస్తుంది, ఆ కంకుల్లోని దూదిలాంటి గింజలు గాలికి ఎక్కడికైనా పోతాయి. ఇది పెప్పర్‌కి పూర్తిగా వ్యతిరేకం. విపరీతంగా మండుతుంది. ఎండిన ఆకులు కాండానికే వేలాడుతూ ఉంటాయి కాబట్టి నేల మీద పాకాల్సిన మంట నిలువునా లేచి పైన్ చెట్టు తలని అందుకుంటుంది. బెరడు మందం కాండాన్ని కాపాడగలదు గానీ తల మాడిపోయాక చెట్టు బతకదు. పైన్‌లు పోయాక ఎండ ఇంకా ఎక్కువ, నేలలోని దుంపల్లోంచి రీడ్ అందరికంటే ముందు లేస్తుంది, మళ్ళీ ఎండుతుంది, మళ్ళీ మండడానికి సిద్ధం. మీ ఇంటి గోడకి ఎంత దూరంలో ఉందో రాయలేదు. దగ్గరగా ఉంటే ముందు దాని సంగతి చూడండి. అది అడవి కోసం మాత్రమే కాదు, మీ ఇంట్లో వాళ్ళ భద్రత కోసం.

1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను ఈ ప్రాంతం మీదుగానే పోయింది. లాంగ్ పైన్ కీ లాంటి పెద్ద అడవిలో చాలా చెట్లు నిలబడ్డాయి. ఊళ్ళ మధ్య ముక్కల్లో మాత్రం పెద్ద పైన్‌లు చాలావరకు చచ్చిపోయాయి, కొన్ని గాలికి విరిగి, మిగిలినవి ఆ తర్వాత పురుగు పట్టి. పైన్‌లు పోతే సూదులు రాలవు, సూదులు లేకపోతే మంచి మంట పాకదు. ఖాళీ అయిన ఆ జాగాల్లోకే పెప్పర్, బర్మా రీడ్, గులాబి రంగు కంకుల నేటల్ గ్రాస్ పొంగుకొచ్చాయి. మీరు ఇవాళ కంచె దగ్గర చూస్తున్నదాంట్లో చాలా భాగానికి మూలం అక్కడుంది.

మెషీన్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. ఎవర్‌గ్లేడ్స్ పార్కు లోపల 'హోల్ ఇన్ ద డోనట్' అనే చోట కొన్ని వేల ఎకరాల్లో ఒకప్పుడు వ్యవసాయం జరిగేది. రాయిని పెద్ద నాగళ్ళతో పగలగొట్టి, పిండి చేసి, ఎరువు వేసి కూరగాయలు పండించేవారు. 1975లో సాగు ఆపేశారు. ఆ వదులు నేలలో పెప్పర్ ఒక్కటే చెట్టుగా మొత్తం పెరిగింది. నరికారు, కాల్చారు, మందు కొట్టారు, మళ్ళీ మళ్ళీ వచ్చింది. చివరికి పగిలిన మట్టి మొత్తాన్ని రాతిదాకా గీకి ఎత్తేస్తే గానీ పెప్పర్ ఆగలేదు. అలా గీకిన చోట ఇప్పుడు మంచి చిత్తడి గడ్డి నేల ఉంది. కానీ పైన్ అడవి మాత్రం తిరిగి రాలేదు. గట్టి రాయి, దాని గుంతల్లో మట్టి, ఆ మట్టిలో వందల ఏళ్ళ గింజలు, వేళ్ళు, ఇవి ఉన్నంతవరకే ఈ అడవికి ప్రాణం. బుల్‌డోజర్ పళ్ళు ఆ రాయిని చీల్చాయంటే మీరు పెప్పర్‌కి మెత్తటి నారుమడి తయారు చేసి ఇచ్చినట్టే.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. కంచె అవతల మీరు ఆకు కూడా ముట్టుకోకండి. అక్కడ ఏ అరుదైన మొక్క మీ కాలి కింద ఉందో తెలియదు, అది కౌంటీ మనుషుల పని. మీ వైపు సంగతి మాత్రమే చూసుకోండి. అదే వాళ్ళకి మీరు చేసే పెద్ద సాయం, ఎందుకంటే గింజలు మీ వైపు నుంచే అటు పోతున్నాయి.

పెప్పర్‌ని గుర్తుపట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పాయిజన్‌వుడ్ అని ఇక్కడి సొంత చెట్టు ఒకటి ఉంది, దానికీ ఇలాగే ఒక ఈనెకి ఐదారు చిన్నాకులు ఉంటాయి. దాని ఆకుల మీద, బెరడు మీద నల్లటి తారు మచ్చలు కనిపిస్తాయి. దాన్ని కొట్టకండి, ముట్టుకోకండి. తెల్ల తల పావురాలు ఆ కాయల మీద బతుకుతాయి. పెప్పర్ ఆకు నలిపితే టర్పెంటైన్ లాంటి ఘాటు వాసన వస్తుంది. ఇవి రెండూ మామిడి, నల్లజీడి కుటుంబానివే. జీడి అంటితే ఒంటి మీద ఎలా పొక్కుతుందో మీ మామగారికి తెలిసే ఉంటుంది. మీ ఇంట్లో మామిడి జీడి పడనివాళ్ళు ఎవరైనా ఉంటే పెప్పర్ పనికి వాళ్ళని దగ్గరికి రానివ్వకండి. మిగతావాళ్ళు కూడా పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, కళ్ళద్దాలు వేసుకోవాలి. తీసిన కొమ్మల్ని పొయ్యిలోనో చలిమంటలోనో అసలు వేయొద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు.

పెప్పర్‌లో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. కాయలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పండుతాయి, రాబిన్ పిట్టల గుంపులు వాలి తిని ఊరంతా చల్లుతాయి. అందుకని ముందు ఆడ చెట్లు, అదీ కాయ ఎర్రబడక ముందే. దీని గింజ నేలలో ఏడాది కూడా బతకదు, ఇది మనకి కలిసొచ్చే సంగతి. ఒక కాపు ఆపగలిగితే ఆ చెట్టు కింద కొత్త మొలకలు బాగా తగ్గుతాయి. రంపంతో నేలకి దగ్గరగా కోసి, కోసిన ఐదు నిమిషాల్లోపు మోడు మీద బెరడుకి ఆనుకుని లోపలున్న తడి వలయం చుట్టూ ట్రైక్లోపిర్ అనే కలుపు మందుని బ్రష్‌తో పూయాలి. నరికి మందు పూయకుండా వదిలేస్తే ఒక కాండం ఉన్నచోట పది చిగుళ్ళు లేస్తాయి, అంతకంటే అసలు నరక్కపోవడమే నయం. వాన వచ్చేలా ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి. అక్కడి రాయి జల్లెడలా ఉంటుంది, దాని కిందే బిస్కేన్ అనే భూగర్భ జలాశయం ఉంది, మయామీ తాగే నీళ్ళు అవే. అందుకే చల్లడం కాదు, పూయడం. నేలలో నిలిచి వేళ్ళ ద్వారా పనిచేసే రకం మందులు ఎవరు అమ్మజూపినా కొనకండి, పక్కనున్న మంచి మొక్కలన్నీ దాంతో పోతాయి. డబ్బా మీద లేబుల్ ఏం చెబితే అంతే, అమెరికాలో ఆ లేబుల్‌కి చట్టం హోదా ఉంది.

బర్మా రీడ్‌కి వేరే పద్ధతి. నిలబడి ఉన్న గడ్డికి మందు కొడితే సగం ఎండుటాకుల మీదే పడి వృథా అవుతుంది. ముందు కంకుల్ని కోసి రెండు సంచుల్లో మూట కట్టి చెత్తకి పంపండి. తర్వాత గడ్డిని మొదలంటా కోయండి. మోకాలెత్తు కొత్త ఆకు వచ్చాక ఆ లేత ఆకు మీద మాత్రమే గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టండి, పక్క మొక్కల మీద అట్టముక్క అడ్డుపెట్టి. మళ్ళీ లేస్తుంది. మళ్ళీ చేయాలి. ఒక్కసారితో అయిపోతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం, చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అందరి చేయీ మొదట అన్నిటికంటే దట్టమైన గుబురు మీదకి పోతుంది, అదే కళ్ళకి కనపడుతుంది కాబట్టి. దాంతో ఒళ్ళు, డబ్బు రెండూ అక్కడే అయిపోతాయి. బాగున్న చోటు నుంచి మొదలుపెట్టండి. కూంటీ, పాల్మెటో, గడ్డి ఇంకా మిగిలి ఉండి, మధ్యలో ఒకటీ అరా పెప్పర్ మొలక ఉన్న భాగం చూసుకుని ముందు దాన్ని పూర్తిగా శుభ్రం చేయండి. అక్కడి సొంత మొక్కలు ఆ ఖాళీని వాటంతటవే పూడుస్తాయి. అక్కణ్ణుంచి మెల్లగా దట్టమైన వైపు జరగండి. నిరుడు తీసిన చోటుని ఈ ఏడు మళ్ళీ చూడకుండా కొత్త చోటు తెరవకండి. చిన్న స్థలమైనా రెండు మూడేళ్ళ పని ఇది. ఆ తర్వాత ఏడాదికి కొన్ని పూటల కాపలా చాలు. కాపలా మానేస్తే మాత్రం పెట్టిన ఖర్చంతా పోయినట్టే.

2019లో బ్రెజిల్ నుంచి ఒక రకం తామర పురుగుని ఇక్కడ పెప్పర్ మీద వదిలారు. ఏళ్ళ తరబడి పరీక్షించి, ఇక్కడి మొక్కల జోలికి పోదని తేల్చుకున్నాకే వదిలారు. అది లేత చిగుళ్ళ రసం పీల్చి చెట్టు పెరుగుదలని, కాపుని తగ్గిస్తుంది. చెట్టుని ఒక్కదెబ్బకి చంపదు. మీరు పని ఆపి దానికోసం ఎదురు చూడాల్సిన అవసరం లేదు.

అత్తగారి బాధని తేలిగ్గా తీసుకోకండి. నేనూ రోజూ తులసికి నీళ్ళు పోసే ఇంట్లోంచే వచ్చినవాణ్ణి. చెట్టు మీద కత్తి వేసేటప్పుడు మనసు కలుక్కుమనడం మంచిదే, అలా అనిపించేవాళ్ళే ఏది తీయాలో ఏది ఉంచాలో ఆగి చూస్తారు. ఆవిడని ఒకసారి పెప్పర్ గుబురు కిందికి తీసుకెళ్ళి చూపించండి. బయటికి అంత పచ్చగా కనిపించేదాని లోపల ఎండుటాకులు తప్ప ఏమీ ఉండవు. తర్వాత పదడుగుల అవతల ఎండ పడే చోట నేల మీద ఒక చదరపు గజంలో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టమనండి. ఒక పెప్పర్ బతకడానికి ఎన్ని పోయాయో ఆవిడకే అర్థమవుతుంది. నా మటుకు నాకు ఇందులో పాపం లేదు, మనం తెచ్చి పడేసినదాన్ని మనమే తీస్తున్నాం.

పొగ విషయంలో చేయగలిగింది ఉంది. కౌంటీ వాళ్ళు రాష్ట్ర అటవీ శాఖ అనుమతి తీసుకుని, గాలి వాటం చూసి, నిప్పు పెట్టే రోజు నిర్ణయిస్తారు. ఆ ప్రాంతం చూసుకునే విభాగానికి ఫోన్ చేసి, ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దావిడ ఉన్నారని చెప్పండి, ముందుగా కబురు చేయమని అడగండి. ఆ రోజూ మర్నాడూ ఆవిడని స్నేహితుల ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉంచండి. కుదరకపోతే కిటికీలు మూసి, ఏసీ బయటి గాలి లాగకుండా పెట్టి, డాక్టర్ గారు రాసిన ఇన్‌హేలర్ దగ్గర ఉంచండి. నాలుగైదేళ్ళకోసారి వచ్చే ఆ పొగని పూర్తిగా ఆపమని అడగకండి. ఆపితే ఆ అడవిలో ఇంధనం పేరుకుంటుంది, ఎవరో పారేసిన సిగరెట్టుకి అంటుకునే రోజు గాలి ఎటు వీస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇక మామగారి గింజలు. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడాలని నా మనవి.

గురివింద ఈ పైన్ అడవులకి ఉన్న పెద్ద శత్రువుల్లో ఒకటి. తీగ పైకెక్కి పొదల్ని కప్పేస్తుంది, వేరు లోతుగా ఉంటుంది కాబట్టి మంట తర్వాత మళ్ళీ లేస్తుంది. గింజ పెంకు రాయిలాంటిది, పెప్పర్ గింజలా ఏడాదిలో చావదు, నేలలో ఏళ్ళకి ఏళ్ళు కాచుకుని ఉంటుంది. మన ఊళ్ళో కంసాలి తూకానికి వాడిన గింజ, చవితినాడు మట్టి వినాయకుడికి కళ్ళు పెట్టే గింజ, మామగారికి దాని మీద మమకారం ఉండడం సహజం. కానీ ఒక్క గింజ నమిలినా పసిపిల్లల ప్రాణం మీదికి వచ్చేంత విషం అందులో ఉంది. వినాయకుడి కళ్ళకి మిరియాలు పెట్టండి, బాగానే ఉంటాయి.

దిరిసెన కూడా అంతే. మన దగ్గర రోడ్డు పక్క నీడనిచ్చే మంచి చెట్టు. ఇక్కడ ఎండుకాయలు గలగలమంటూ గాలికి కొట్టుకుపోయి, పడిన చోటల్లా మొలిచి, కౌంటీ నిషేధ జాబితాలోకి ఎక్కింది. మనవాళ్ళకి తెలిసిన చెట్లు ఇంకా ఉన్నాయి ఆ వరసలో. నందిగామ, ఒంగోలు వైపు కాగితపు మిల్లుల కోసం ఎకరాలకి ఎకరాలు వేసే సుబాబుల్ ఇక్కడ రోడ్ల వెంబడి కలుపు. చీరాల, బాపట్ల తీరంలో మనం చూసే సరుగుడు ఇక్కడ ఆస్ట్రేలియన్ పైన్ పేరుతో తీరాలని కమ్మేసి తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకని పాడుచేస్తోంది. మన నేరేడు, గంగరావి కూడా ఫ్లోరిడాలో దాడిచేసే మొక్కల జాబితాలో ఉన్నవే. ఆ చెట్లు చెడ్డవి కావు. వాటిని తినే పురుగు, వాటికి పట్టే తెగులు, వాటిని మేసే మేక మన ఊళ్ళోనే ఉండిపోయాయి. మల్లె జాతికే చెందిన రెండు ఆఫ్రికా తీగలు కూడా ఇక్కడ అడవుల్లోకి పాకాయి. కాబట్టి ఇంట్లో మల్లె పెంచుకోవాలనుకుంటే కుండీలో పెంచండి, కత్తిరించిన కొమ్మల్ని కంచె అవతలికి విసరకండి. అసలు తోట చెత్త ఏదీ కంచె అవతలికి పోకూడదు. చాలా మొక్కలు ఆ అడవుల్లోకి వెళ్ళిన దారి అదే.

నర్సరీలో దొరికే మామూలు లాంటానా అనే పూల పొద సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. మన నల్లమలలో అది ఏం చేస్తోందో విన్నవాళ్ళు దాన్ని ఎలాగూ తేరు. ఇక్కడ దాని హాని నీడతో ఆగదు. ఈ రాతి గట్టు మీద మాత్రమే పెరిగే ఒక పొట్టి, పసుపు పూల లాంటానా ఉంది. పెరటి లాంటానా పుప్పొడిని సీతాకోకచిలుకలు దాని మీదికి మోసుకెళ్తే పుట్టే గింజలు సంకరం అవుతాయి. అలా కొన్ని తరాలకి ఆ అసలు మొక్క కలిసిపోయి కనపడకుండా పోతుంది. కలుపు తీసినా, మంట పెట్టినా ఆ నష్టం పూడదు. అడవి పక్కన ఇల్లున్నవాళ్ళు దాన్ని నాటకపోవడం తప్ప మార్గం లేదు.

కరివేపాకు మీరు అడగలేదు గానీ అందరికీ కావాలి కాబట్టి చెబుతున్నాను. ఇండియా నుంచి మొక్కో కొమ్మో గింజో సూట్‌కేసులో తేకండి. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసిన గ్రీనింగ్ తెగులు ఫ్లోరిడాలో మొదట 2005లో ఈ జిల్లాలోనే బయటపడింది. దాన్ని మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. ఇక్కడి లైసెన్సు ఉన్న నర్సరీలోనే కొనండి.

మామగారికి మొక్కలు నాటే సరదా ఉందంటే అది మీ అదృష్టం. ఫెయిర్‌చైల్డ్ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ వాళ్ళు 'కనెక్ట్ టు ప్రొటెక్ట్' అనే కార్యక్రమం నడుపుతారు. మిగిలిన అడవి ముక్కల మధ్య ఉన్న ఇళ్ళలో ఈ నేల మొక్కలు నాటించి, పురుగులూ పుప్పొడీ ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి పోయేలా చేయడం వాళ్ళ ఉద్దేశం. మీ ఇల్లు సరిగ్గా అలాంటి చోటే ఉంది, వాళ్ళని అడగండి. పైన్‌ల్యాండ్ క్రోటన్ తప్పకుండా పెట్టండి. వెండి పామ్, బ్యూటీబెర్రీ, కూంటీ పెట్టండి. ఎరువు వేయొద్దు, మట్టి కొని పోయొద్దు, మొదటి కొన్ని నెలలు నీళ్ళు పోస్తే చాలు. కూంటీ గింజలూ దుంపా విషం కాబట్టి పిల్లలు, కుక్కలు అందుకోని చోట నాటండి. దాని ఆకుల మీద పసుపు చుక్కల ఎర్ర గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి అటాలా సీతాకోకచిలుక పిల్లలు. ఒకప్పుడు ఈ రాష్ట్రంలోంచి పూర్తిగా పోయిందనుకున్న జాతి అది. ఆకులన్నీ తినేసినా కూంటీ చావదు, కొద్ది వారాల్లో కొత్త ఆకు వేస్తుంది.